షెడ్డును మెషినరీ పద్దులో చూపవచ్చా?

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఉప్పుడు బియ్యం మిల్లు నడుపుతున్న కుటుంబం నుంచి ఒక పాఠకురాలు రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. మామగారు, భర్త, మరిది, తాను కలిసి నలుగురు భాగస్వాములుగా ఉన్న ఫర్మ్ అది. పెళ్లయినప్పటి నుంచి లెక్కలు ఆమే చూస్తున్నారు. 2024-25లో మిల్లును విస్తరించి, మొత్తం 2 కోట్ల 70 లక్షలు ఖర్చు చేశారు. పక్కనున్న స్థలానికి 30 లక్షలు, షెడ్డు, గోడౌన్ కట్టడానికి 70 లక్షలు, సార్టెక్స్ (రంగు మారిన గింజలను ఏరే యంత్రం), ధాన్యాన్ని, బియ్యాన్ని పైకి ఎత్తే ఎలివేటర్లకు 48 లక్షలు, బాయిలర్, డ్రయ్యర్లకు 54 లక్షలు, ధాన్యం నానబెట్టే సిమెంటు తొట్లకు 6 లక్షలు, యంత్రాల పునాదులకు 12 లక్షలు, కరెంటు పనులకు 18 లక్షలు, పైకప్పు మీద సోలార్‌కు 20 లక్షలు, సెకండ్‌హ్యాండ్ లారీకి 12 లక్షలు అయ్యాయి.

పాత ఆడిటర్ గారు ఇలాంటి ఖర్చంతా "మెషినరీ" అనే ఒకే పద్దులో వేసేవారు. ఆయన తప్పుకున్నాక వచ్చిన కొత్త ఆడిటర్ దేనికదే విడదీయాలంటున్నారు. స్థలం మినహా మిగిలిన 240 లక్షలకూ 35 శాతం తరుగుదల (ఆస్తి విలువ ఏటా తగ్గినట్టు లెక్కగట్టి ఆదాయంలోంచి తీసేసే మొత్తం) తీసుకుంటే పన్ను బాగా తగ్గుతుందని మరిది పట్టుబట్టారు. అంతటితో ఆగకుండా, షెడ్డు వేసిన ఫ్యాబ్రికేటర్ చేత "మెషినరీ సపోర్ట్ స్ట్రక్చర్" అని బిల్లు తిరగరాయిస్తానన్నారు. కొత్త యంత్రాలన్నీ సెప్టెంబరులోనే నడిచినట్టు రాయమంటున్నారు. మామగారికి చూపు మందగించడంతో రిటర్ను మీద సంతకం ఈమెను పెట్టమన్నారు. "నేను పెట్టనంటే ఇంట్లో మాటలు పడాలి, పెడితే రేపు నోటీసు నా పేరున వస్తుంది. మావారేమో తమ్ముడి మాట కాదనలేరు. మీరైనా ఏది షెడ్డో ఏది మెషినో చెప్పండి" అని ఆమె ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు పెనవేసుకుపోయి ఉన్నాయి. ఏ వస్తువు ఏ తరగతిలోకి వస్తుందన్నది ఒకటి, అది ఏ రోజున పనిలోకి వచ్చిందన్నది రెండవది, కాగితాన్ని మార్చవచ్చా అన్నది మూడవది. మొదటిదానిలో వాదించుకోవడానికి చోటుంది. రెండవదానిలో చాలా కొద్దిగా ఉంది. మూడవదానిలో అసలు లేదు. మీ ఇంట్లో జరుగుతున్న గొడవ మొదటి ప్రశ్న మీద అని అందరూ అనుకుంటున్నా, ప్రమాదమంతా మిగిలిన రెండింటిలోనే ఉంది.

ముందు సంతకం సంగతి చెబుతాను. సంతకం పెట్టకపోతే మీరు బయటపడినట్టే అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఫర్మ్ చెల్లించాల్సిన పన్నుకు, జరిమానాకు భాగస్వాములందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులే అని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. రిటర్ను మీద మేనేజింగ్ పార్ట్‌నర్ సంతకం చేయాలి, ఆయన చేయలేని స్థితిలో ఉంటే ఇంకో భాగస్వామి చేయవచ్చు. కాబట్టి సంతకం ఎవరు పెట్టినా నోటీసు సెగ మీకూ తగులుతుంది. లెక్కలు చూసే మనిషిగా "నాకు తెలియదు" అనే అవకాశం ఆ నలుగురిలో అందరికంటే మీకే తక్కువ. కనుక సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచించడం కన్నా, ఎలాంటి లెక్క మీద పెట్టాలన్నది ఆలోచించడం మేలు.

ఇక వస్తువుల సంగతి. తరుగుదల విషయంలో చట్టం ఆస్తులను బ్లాకులుగా చూస్తుంది. ఒకే తరగతికి చెంది, ఒకే రేటు ఉన్నవన్నీ ఒక బ్లాకు. ఇల్లు కాని కట్టడాలకు 10 శాతం, ఫర్నిచర్‌కు, లైట్లు, ఫ్యాన్లు, స్విచ్చులు, మామూలు వైరింగు వంటి కరెంటు ఫిటింగులకు 10 శాతం, సాధారణ యంత్రాలకు 15 శాతం, సోలార్‌కు 40 శాతం. స్థలానికి ఏమీ లేదు. మరిది ఆ 30 లక్షలను పక్కన పెట్టడం వరకు సరిగానే చేశారు. అయితే రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు కూడా స్థలం ఖరీదులోనే కలుస్తాయి, వాటిని షెడ్డులోకి నెట్టకండి. తయారీ వ్యాపారానికి కొన్న కొత్త యంత్రాలకు మొదటి ఏడాది అదనంగా 20 శాతం ఇస్తారు. ధాన్యం, బియ్యం వేర్వేరు సరుకులని సుప్రీంకోర్టు అమ్మకపు పన్ను కేసులో ఏనాడో చెప్పింది కాబట్టి, మిల్లు పనిని తయారీ అనడానికి మీకు గట్టి ఆధారమే ఉంది. మరిది చెప్పే 35 ఈ 15, 20 కలిస్తే వచ్చినదే. ఒకప్పుడు తెలుగు రాష్ట్రాల్లో నోటిఫై చేసిన వెనుకబడిన ప్రాంతాల్లోని కొత్త పరిశ్రమలకు ఆ అదనపు తరుగుదలే 35 శాతం ఉండేది. అది 2020 మార్చి 31తో ముగిసింది. ఊళ్లో ఇంకా ఎవరైనా ఆ మాట చెబుతుంటే నమ్మకండి.

ఏది కట్టడం, ఏది యంత్రం అన్న తగవు మన ప్రాంతానికి కొత్తది కాదు. సికింద్రాబాద్‌లోని తాజ్‌మహల్ హోటల్ తన గదుల్లో వేయించిన శానిటరీ ఫిటింగులు, పైపులైన్లు "ప్లాంట్" (పన్ను చట్టంలో యంత్రాలతో పాటు లెక్కించే పనిముట్లు) అవుతాయా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో కోర్టు అవుతాయనే తేల్చింది. ఆ వ్యాపారం నడవడానికి ఆ వస్తువు పనిముట్టుగా ఉపయోగపడుతోందా, లేక వ్యాపారం జరిగే చోటుగా మాత్రమే ఉందా అన్నది చూడాలన్న పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. ఆ పద్ధతిని పట్టుకుని చాలామంది థియేటర్లను, హోటల్ భవనాలను కూడా ప్లాంట్ అని వాదించారు. 2000లో ఆనంద్ థియేటర్స్ కేసులో సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. తరువాత చట్టంలోని నిర్వచనాన్నే సవరించి, 2004 ఏప్రిల్ 1 నుంచి ప్లాంట్ అన్న మాటలోంచి భవనాలను, ఫర్నిచర్‌ను తీసేశారు. మీ షెడ్డు ఎండకు, వానకు అడ్డంగా నిలబడి ఉంది. ధాన్యానికి అది ఏమీ చేయదు. ఎంత ఎత్తుగా, ఎంత ఇనుముతో కట్టినా అది కట్టడమే.

నానబెట్టే తొట్లు అలా కాదు. సిమెంటుతో కట్టినా, ఆవిరి పైపు లోపలికి దిగి, ధాన్యం అందులో నాని ఉప్పుడు బియ్యం కావడానికి సిద్ధమవుతుంది. ఆ తొట్టి తీసేస్తే మీ సరుకే లేదు. దాన్ని యంత్రాల్లో వేయవచ్చని నా అభిప్రాయం. అధికారి దాన్ని కట్టడం అనవచ్చు, అనే హక్కు ఆయనకుంది. అప్పుడు పోయేదెంతో చూడండి. ఆ 6 లక్షలను కట్టడంగా చూస్తే ఈ ఏడాది తరుగుదల 75 వేలు తగ్గి, పన్ను 23,400 పెరుగుతుంది. ఇంత చిన్న మొత్తం మీద ధైర్యంగా నిలబడవచ్చు. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం, బోరుబావి మాత్రం ఈ కోవలోకి రావు. రోడ్లు, బావులు, గొట్టపుబావులు కట్టడాల్లోకే వస్తాయని రేట్ల పట్టికలోనే రాసి ఉంది.

యంత్రం కింద వేసిన పునాది ఆ యంత్రం ఖరీదులో భాగమే. యంత్రం నిలబడడానికే దాన్ని వేశారు కనుక మీ 12 లక్షలు నిశ్చింతగా యంత్రాల్లోకి వెళతాయి. అందులో 4 లక్షలు సార్టెక్స్, ఎలివేటర్ల కిందివని, 8 లక్షలు బాయిలర్, డ్రయ్యర్ల కిందివని మీరు రాశారు. ఆ విభజన ఎందుకు కావాలో కొంచెం ఆగి చెబుతాను. కరెంటు పనుల 18 లక్షల్లో ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెల్ బోర్డు, మోటార్లకు వెళ్లే కేబుళ్లకు 13 లక్షలు అయితే, అవి యంత్రాలను నడపడానికే ఉన్నాయి కాబట్టి 15 శాతం వాదన నిలుస్తుంది. లైట్లు, ఫ్యాన్ల 5 లక్షలు 10 శాతంలోనివే. కాంట్రాక్టర్ ఒకే బిల్లు ఇచ్చి ఉంటే, అంచనా పత్రంలోని కొలతలతో సహా వివరం రాయించుకోండి. జరిగిన పనిని వివరంగా రాయించుకోవడానికీ, జరగని పనిని రాయించుకోవడానికీ ఉన్న తేడా మరిదికి ఇక్కడే తెలియజెప్పవచ్చు.

లారీ మీ సొంత బియ్యం తోలడానికే అయితే 15 శాతం. కిరాయికి తిప్పే వ్యాపారమైతేనే 30. వాడిన బండి కనుక, అందులోనూ రోడ్డు మీద తిరిగే వాహనం కనుక, అదనపు 20 శాతం రాదు. మిల్లు ఆఫీసులో పెట్టుకునే ఏసీ వంటివాటికీ ఆ అదనం లేదు. సోలార్‌కు 40 శాతం ఉంది, కొత్తది కాబట్టి అదనపు 20 కూడా అడగవచ్చు.

తేదీల సంగతి మీ ఉత్తరంలో మూడు పంక్తులు మాత్రమే ఉంది, కానీ నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. ఆ ఏడాది కొన్న ఆస్తి 180 రోజులకన్నా తక్కువ వాడకంలో ఉంటే ఆ ఏడాదికి సగం రేటే వస్తుంది. 2024-25లో లెక్క వేస్తే 2024 అక్టోబరు 3న గాని అంతకు ముందు గాని పనిలోకి వచ్చినవాటికి పూర్తి రేటు, అక్టోబరు 4 నుంచి వచ్చినవాటికి సగం. బిల్లు తేదీ దీనికి చాలదు, యంత్రం నడిచిన తేదీ కావాలి. ప్రయోగాత్మకంగా నడిపినా వాడకమే అని హైకోర్టులు పలుమార్లు అన్నాయి. సెప్టెంబరు 28న జనరేటర్ మీద, పాత మిల్లులో ఆడిన పచ్చి బియ్యం 60 బస్తాలు కొత్త ఎలివేటర్, సార్టెక్స్ గుండా పోయించామని మీరు రాశారు. దానికి డీజిల్ బిల్లు, కాటా చీటీ, ఆ రోజు కూలీల హాజరు పుస్తకం ఉన్నాయన్నారు. షెడ్డులో అప్పటికే ధాన్యం నిల్వ చేశారు. ఇవి చాలు. సార్టెక్స్, ఎలివేటర్లు, వాటి పునాదులు కలిపి 52 లక్షలకు, షెడ్డుకు పూర్తి రేటు వస్తుంది.

బాయిలర్ సంగతి వేరు. దానికి తనిఖీ సర్టిఫికెట్ వచ్చింది అక్టోబరు 9న అని మీరే రాశారు. పెంచిన కరెంటు లోడు ఆ తరువాతే వచ్చింది. ఇప్పుడు మరిది చెప్పినట్టు బాయిలర్ సెప్టెంబరులో నడిచిందని రాస్తే, సర్టిఫికెట్ లేకుండా ఆవిరి పట్టామని మీ చేతులతో మీరే రాసి ఇచ్చినట్టవుతుంది. పన్ను కోసం రాసిన ఆ ఒక్క తేదీ బాయిలర్ల శాఖ ముందు మీ మీదే సాక్ష్యంగా నిలుస్తుంది. రేపు ఏదైనా ప్రమాదం జరిగి బీమా అడగవలసి వస్తే ఇంకా చిక్కు. ఆడిట్ నివేదికలో ఆస్తులు ఎప్పుడు వాడకంలోకి వచ్చాయో తేదీలతో సహా రాయవలసిన గడి ఒకటుంది కాబట్టి, ఇది చూసీచూడనట్టు పోయే విషయం కాదు. బాయిలర్, డ్రయ్యర్లు, తొట్లు, వాటి పునాదులు కలిపి 68 లక్షలకు, మోటార్ల కరెంటు పనుల 13 లక్షలకు సగం రేటే తీసుకోండి. అదనపు తరుగుదలలో మిగిలిన సగం మరుసటి ఏడాది వస్తుంది, అది పోయేది కాదు. జనవరిలో నెట్‌మీటర్ బిగించిన సోలార్‌కూ ఇదే వర్తిస్తుంది.

షెడ్డు ఖర్చులో మేస్త్రీకి ఒకేసారి 6 లక్షలు నగదుగా ఇచ్చినట్టు రాశారు. ఆస్తి కోసం ఒక మనిషికి ఒక్క రోజులో 10 వేలకు మించి నగదుగా ఇస్తే ఆ మొత్తం ఆస్తి ఖరీదులోకే రాదు. ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదు. ఆ 6 లక్షలు వదిలేసి షెడ్డు ఖరీదు 64 లక్షలుగా చూపండి. మేస్త్రీ చేత 9 వేల చొప్పున పాత తేదీలతో వోచర్లు రాయించే ఆలోచన ఎవరికైనా వస్తే, మొగ్గలోనే తుంచండి.

జీఎస్టీ, సబ్సిడీల గురించి రెండు మాటలు. యంత్రాల మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో సర్దుబాటుగా తీసుకుంటే ఆ భాగం మీద తరుగుదల అడగకూడదు. లూజు బియ్యానికి పన్ను లేదు, 25 కిలోల లోపు ప్యాకింగుకు 5 శాతం ఉంది కాబట్టి, క్రెడిట్ ఎంత తీసుకున్నారో ఆడిటర్ గారిని విడిగా అడగండి. పరిశ్రమల శాఖ సబ్సిడీ ఇంకా మంజూరు కాలేదన్నారు. వచ్చినప్పుడు అది ఏ ఆస్తికి సంబంధించినదో ఆ ఖరీదులోంచి తగ్గించాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. సార్టెక్స్ వైపు 18 లక్షల 20 వేలు, బాయిలర్ వైపు కరెంటుతో కలిపి 14 లక్షల 17 వేల 500, షెడ్డుకు 6 లక్షల 40 వేలు, లైట్లకు సగం రేటున 25 వేలు, సోలార్‌కు 6 లక్షలు, జూన్‌లో కొన్న లారీకి లక్షా 80 వేలు, మొత్తం 46 లక్షల 82 వేల 500. మరిది లెక్కలో ఇది 84 లక్షలు. తేడా 37 లక్షల పైచిలుకు. మీ ఫర్మ్‌కు సెస్సుతో కలిపి పన్ను 31.2 శాతం కాబట్టి ఈ ఏడాది దాదాపు 11 లక్షల 60 వేలు తేడా. చిన్న మొత్తమేమీ కాదు, మరిది ఆరాటం అర్థం చేసుకోదగినదే. కానీ ఆయన గమనించనిది ఒకటుంది. తరుగుదల ఈ ఏడాది తక్కువ తీసుకుంటే మిగిలిన విలువ పుస్తకంలోనే ఉంటుంది, రాబోయే ఏళ్లలో దాని మీద తరుగుదల వస్తూనే ఉంటుంది. మరుసటి ఏడాదే అదనపు తరుగుదల బాకీగా 10 లక్షల 10 వేలు వస్తుంది. మేస్త్రీకి ఇచ్చిన 6 లక్షలు తప్ప దేని మీదా మీరు శాశ్వతంగా నష్టపోవడం లేదు. మరిది దారిలో దొరికేది, ఎక్కువ భాగం, ముందుగా చేతికొచ్చే డబ్బు మాత్రమే.

ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే మీకు మూడు దారులున్నాయి. ఒకటి, పై లెక్కను ఇంకా తగ్గించి, తొట్లు, మోటార్ల కరెంటు పనుల వంటి సందేహపు పద్దుల్లో కూడా తక్కువ రేటే తీసుకుని పూర్తిగా జాగ్రత్తగా ఉండడం. నిద్ర బాగా పడుతుంది, న్యాయంగా రావలసిన కొంత ఆలస్యంగా వస్తుంది. రెండు, పై లెక్కలో లాగే సందేహపు పద్దులను మీకు అనుకూలంగా చూపి, కారణాన్ని కాగితం మీద రాసి ఉంచడం. వాస్తవాలన్నీ బయటపెట్టి, నిజాయితీగా ఒక అభిప్రాయం తీసుకున్నవారికి తక్కువ ఆదాయం చూపిన జరిమానా నుంచి రక్షణ ఉంది. ఓడిపోయినా పన్ను, వడ్డీతో పోతుంది. ఈ దారిలో మరిదికి కూడా ఒక పని ఇవ్వవచ్చు. షెడ్డు ఇనుములో నిజంగానే ఎలివేటర్లను, బిన్నులను మోస్తున్న భాగం ఉంటే, దాన్ని ఇంజనీరు చేత కొలిపించి సర్టిఫికెట్ తెమ్మనండి. అలా న్యాయంగా మారే ప్రతి లక్షకూ ఈ ఏడాది 25 వేలు ఎక్కువ తరుగుదల, 7,800 రూపాయల పన్ను ఆదా వస్తుంది. నన్నడిగితే ఈ రెండో దారివైపే మొగ్గుతాను.

మూడవది మరిది దారి. షెడ్డుతో సహా అన్నిటికీ 35 శాతం అడగడం వరకే అయితే దొరికినప్పుడు పన్నుతో పాటు నెలకు ఒక శాతం వడ్డీ, పన్నులో సగం జరిమానా, అంటే దాదాపు 5 లక్షల 80 వేలు. వాస్తవాన్ని మార్చి చూపారని తేలితే జరిమానా పన్నుకు రెండింతలు, 23 లక్షల పైన. బిల్లే తిరగరాయించారని తేలితే, పుస్తకాల్లో తప్పుడు పద్దుకు ఆ పద్దు మొత్తానికి సమానంగా జరిమానా వేసే నిబంధన 2020 నుంచి ఉంది. షెడ్డు బిల్లు 70 లక్షలు. ఫ్యాబ్రికేటర్ తన జీఎస్టీ రిటర్నులో మొదటి బిల్లు వివరాలు ఇప్పటికే అప్‌లోడ్ చేసి ఉంటాడన్నది కూడా గుర్తుంచుకోండి.

పాత ఆడిటర్ 2019-20లో 25 లక్షల గోడౌన్‌ను మెషినరీలో వేశారని, అదీ బయటపడుతుందేమోనని ఉత్తరం చివర భయపడ్డారు. ఆ మొదటి ఏడాది 6 లక్షల 25 వేలు ఎక్కువ తీసుకున్నారు. ఈ మొత్తానికి సాధారణంగా ఆ సంవత్సరాన్ని తిరిగి తెరిచే గడువు దాటిపోయింది. తరువాతి రెండేళ్లలో తేడా నామమాత్రం, 2021-22లో ఐదు వేల లోపే. నాలుగో ఏడు నుంచి మీరు తీసుకోవలసినదానికంటే తక్కువే తీసుకుంటూ వచ్చారు, ఎందుకంటే ముందే ఎక్కువ తరిగించుకున్నారు. 2024-25 మొదలయ్యేసరికి దాని మిగిలిన విలువ సుమారు 8 లక్షల 48 వేలు ఉండాలి. దాన్ని కట్టడాల బ్లాకులోకి మార్చి, మార్చిన సంగతి నోట్‌గా రాయమని కొత్త ఆడిటర్‌ను అడగండి. 2021-22కు అప్‌డేటెడ్ రిటర్ను (గడువు దాటాక సరిదిద్ది వేసే రిటర్ను) వేయాలా అన్నది ఆయనతో మాట్లాడండి, కానీ ఆ ఐదు వేల మీద పడే పన్నుకంటే దాఖలు ఖర్చే ఎక్కువ కావచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా, మీ 2024-25 లెక్కకు 1961 చట్టమే వర్తిస్తుంది.

ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తాలన్నది మీకే బాగా తెలుసు. అయినా నాకు తోచింది చెబుతాను. "అలా రాస్తే జైలు" అని మొదలుపెట్టకండి, మరిదికి పట్టుదల పెరుగుతుంది. కొత్త ఆడిటర్ గారిని మిల్లుకే పిలిపించి, మామగారి ఎదుట, ఒక్కో వస్తువు దగ్గర నిలబడి రేటు చెప్పమనండి. ఏ పునాది ఏ యంత్రానిదో, ఏ తొట్టికి ఏ పైపో మరిదికంటే బాగా ఎవరికీ తెలియదు, ఆయన్నే చెప్పనివ్వండి, మీరు రాసుకోండి. ఆ రాసుకున్న కాగితం మీద నలుగురూ సంతకాలు చేశాక, రిటర్ను మీద మీ సంతకం పెట్టండి. బాయిలర్ సర్టిఫికెట్ నకలు, సెప్టెంబరు 28 కాటా చీటీ, డీజిల్ బిల్లు ఆ ఫైల్లోనే ఉంచండి. కాటా చీటీల మీద సిరా ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది కాబట్టి వాటిని ఇప్పుడే జిరాక్స్ తీయించండి.